లైసెన్సు లేకుండా బండి నడిపితే చట్టపరంగా ఏమవుతుంది?

మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 3వ సెక్షన్ ప్రకారం, చెల్లుబాటయ్యే లైసెన్సు లేకుండా బహిరంగ ప్రదేశంలో మోటారు వాహనం నడపకూడదు. నడిపితే, 2019 సవరణ తరువాత 181వ సెక్షన్ కింద 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అలాంటి వ్యక్తికి బండి ఇచ్చిన యజమానికీ 180వ సెక్షన్ కింద అదే శిక్ష.

అయితే జరిమానా కంటే ఎక్కువగా భయపడవలసింది ప్రమాదం జరిగినప్పుడు ఎదురయ్యే పరిస్థితికి. బాధితులకు బీమా సంస్థ ముందుగా పరిహారం చెల్లించినా, ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకోవడానికి న్యాయస్థానాలు అనుమతించవచ్చు, ఒక్కోసారి అది లక్షల్లో ఉంటుంది. నేరం చేసినది మైనరైతే 199ఎ సెక్షన్ కింద సంరక్షకులకు లేదా యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి. ఆ మైనరుకు 25 ఏళ్లు నిండేవరకు లైసెన్సు ఇవ్వరు.

లైసెన్సు ఉండి ఇంట్లో మరచిపోవడం వేరే సంగతి. డిజిలాకర్‌లో చూపినా చెల్లుతుంది.