పంపింగ్ తగ్గిన గుండెతో ఇంట్లో వ్యాయామం: నాడి 38 చూపించిన రోజు

మీ నాన్నగారి గుండె పంపింగ్ (నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు బయటికి తోసే వంతు) 30 శాతమే ఉందని, ఛాతీకి తగిలించుకునే ఈసీజీ పరికరం ఇచ్చి ఇంట్లోనే వ్యాయామం చేయిస్తామన్నారని, నడుస్తుండగా లయ తప్పితే దిక్కెవరని అడిగారు. మూడేళ్ల కిందట నాదీ ఇదే భయం. అప్పుడు నా పంపింగ్ 28. నేను డాక్టర్‌ను కాను, రోగిని. ఆ హద్దు గుర్తుంచుకుని చదవండి.

గుండె కండరం సాగిపోయి, అక్కడక్కడా మచ్చ కట్టిన చోట విద్యుత్తు దారి తప్పుతుంది. అందుకే మా వంటివాళ్లకు లయ తప్పడం అరుదైన సంగతేమీ కాదు. కదలకుండా కూర్చుంటే లయ చెడదనుకోవడం మాత్రం వట్టి భ్రమ. నాకు మొదటిసారి దడ వచ్చింది కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నప్పుడు.

మా దగ్గర పద్ధతి ఇలా ఉండేది. పొద్దున్నే బరువు, బీపీ చూసుకోవాలి. ఫోనులో ప్రశ్నలు వస్తాయి: రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకున్నారు, కాళ్లు వాచాయా, మాత్రలు వేసుకున్నారా. తర్వాత కదలకుండా కూర్చుని ఈసీజీ పంపాలి. అవతల ఫిజియోథెరపిస్టు దాన్ని చూసి సరే అన్నాకే నడక. రెండుసార్లు వద్దన్నారు. మొదటిసారి నాకు కోపం కూడా వచ్చింది. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగానని, అది ఒంట్లో చేరిన నీరని తర్వాత తెలిసింది.

ఆ నీటి కోసం డాక్టర్ మూత్రం మాత్ర మోతాదు పెంచారు. వారం తిరిగాక ఒక రోజు నడక ముగించి, అలవాటుగా ఆక్సీమీటరు వేలికి పెట్టుకున్నాను. ఆక్సిజన్ 97, నాడి 38. వేలు మార్చాను, మళ్లీ 38. నా భార్య అప్పటికే అంబులెన్సుకు ఫోను చేయబోతోంది. నాకైతే ఛాతీలో చేపపిల్ల తిరగబడినట్టు అప్పుడప్పుడూ ఒక కుదుపు తప్ప ఏమీ లేదు. పరికరం మీద మీట నొక్కి ఈసీజీ పంపాను. నిమిషంలో ఫోను వచ్చింది. కూర్చోండి, కళ్లు తిరుగుతున్నాయా, ఛాతీలో నొప్పి ఉందా అని అడిగి ఫిజియోథెరపిస్టు ఆవిడ అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "మీ గుండె 76 సార్లు కొట్టుకుంటోందండీ, వేలి దాకా సగమే చేరుతున్నాయి."

మామూలు స్పందన ఒకటి, వెంటనే తొందరపడి వచ్చే అదనపు స్పందన ఒకటి. ఆ రెండోది గుండె గది నిండకముందే వచ్చేస్తుంది కాబట్టి బయటికి తోసే రక్తం తక్కువ, వేలిలో నాడి తగలదు. డాక్టర్లు దీన్ని బైజెమినీ అంటారు. ఆవిడ "ఏం పర్లేదు" అని వదిలేయలేదు. ఆ వారం వ్యాయామం ఆపించి, డాక్టర్‌కు చెప్పి, అదే రోజు రక్తపరీక్ష చేయించారు. పొటాషియం 3.1, ఉండాల్సినదానికన్నా తక్కువ. మూత్రంతో పాటు అదీ పోయింది. మందులు సర్దాక ఆ కుదుపులు బాగా తగ్గాయి. (ఇది చదివి పొటాషియం సొంతంగా మొదలుపెట్టకండి. మా జబ్బుకు ఇచ్చే స్పైరొనోలాక్టోన్ వంటివి దాన్ని పెంచుతాయి, ఎక్కువైనా లయ చెడుతుంది.)

ఇది ఇంత వివరంగా రాయడానికి కారణం, మీరు చేతి గడియారంలో నాన్నగారి నాడి చూస్తుంటారని రాశారు కాబట్టి. అదనపు స్పందనలున్నా, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు అదుపు లేకుండా అదిరే లయ దోషం) ఉన్నా ఆ అంకె బాగా తప్పుతుంది. గుండె గరిష్ఠ వేగం కోసం 220లోంచి వయసు తీసేసే లెక్క కూడా పక్కన పెట్టండి. బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) వేసుకునేవాళ్ల గుండె అంత వేగం అందుకోదు. గట్టిగా నడిచినా నాది 90 దాటదు. మాకు నేర్పింది బోర్గ్ కొలత: శ్రమ ఎంతగా ఉందో 6 నుంచి 20 లోపు మనమే చెప్పాలి. 11 నుంచి 13 మధ్య ఉండమనేవారు. నడుస్తూ వాక్యం పూర్తిగా మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

నడక ఒక్కసారిగా ఆపకూడదు. నేను ఒకసారి ఫోను మోగిందని టక్కున ఆగాను. రక్తం కాళ్లలో నిలిచిపోయి బీపీ పడిపోయింది, తల తిరిగింది, ఈసీజీ నిండా అదనపు స్పందనలు. బాగా తిట్లు తిన్నాను. చివరి పది నిమిషాలు వేగం తగ్గించుకుంటూ రావడం చికిత్సలో భాగమే.

నాన్నగారికి ఐసీడీ (లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసేందుకు ఒంట్లో అమర్చే పరికరం) ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే, అది ఏ వేగం దగ్గర షాక్ ఇచ్చేలా పెట్టారో అడిగి రాసుకోండి. వ్యాయామంలో గుండె వేగం దానికి 10 నుంచి 20 తక్కువలోనే ఉంచుతారు. ఒక షాక్ వచ్చి మనిషి బాగుంటే అదే రోజు డాక్టర్‌కు ఫోను చేయాలి. రెండోది వచ్చినా, స్పృహ తప్పినా నేరుగా ఎమర్జెన్సీకే.

అధ్యయనాల సంగతి కూడా అడిగారు. హెచ్ఎఫ్-యాక్షన్ అనే పెద్ద అధ్యయనంలో మా వంటి గుండె జబ్బున్న 2,331 మంది పాల్గొన్నారు, ఫలితాలు 2009లో వచ్చాయి. వ్యాయామం వల్ల ఐసీడీ షాకులు పెరిగిన దాఖలా అందులో కనిపించలేదు. ఇంటినుంచి చేసే పద్ధతి మీద పోలండ్‌లో 850 మందితో తొమ్మిది వారాల కార్యక్రమం నడిపారు, అది 2020లో అచ్చయింది. ఓపిక, జీవన నాణ్యత మెరుగయ్యాయి, మరణాలు మాత్రం తగ్గలేదు. నా అనుభవమూ అంతే. ఆయుష్షు సంగతి ఎవరికెరుక, మెట్లెక్కగలుగుతున్నాను.

అవతల ఈసీజీ చూసే మనిషి మీ ఇంటికి రాలేరు. నాన్నగారు స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఆగాక కూడా ఆయాసం తగ్గకపోయినా ఈసీజీ పంపుతూ కూర్చోకుండా అంబులెన్సును పిలవండి. ఏ లక్షణమూ లేకుండా ఈసీజీ గీతలు మాత్రం భయంకరంగా కనిపిస్తే ముందు ఛాతీ మీద పరికరాన్ని అంటించే అతుకు చూడండి. నా మొదటి "ప్రమాదం" చెమటకు ఊడిన అతుకే.

పక్కన కూర్చోవాలా అన్నారు. మొదటి రెండు వారాలు తప్పకుండా కూర్చోండి. ఆ తర్వాత అదే గదిలో వేరే పని పెట్టుకోండి. నా భార్య నన్నే చూస్తూ నిలబడ్డ రోజుల్లో నేను నడక మానేసి ఆమె ముఖంలో నా ఈసీజీ చదువుకునేవాణ్ణి.