ఖూనీ కేసు పడ్డ ఇల్లు

ప్రశ్న: 1949లో నల్లగొండ జిల్లా పల్లెలో జరిగే నాటకం రాస్తున్నాను. ఊరి పటేల్ హత్య కేసులో ఓ రైతు చిన్నకొడుకును పట్టుకుపోతారు. రజాకార్లు ఇంటిమీద పడే సీను, చివర్లో సుప్రీంకోర్టు అతన్ని విడిచిపెట్టే సీను ఉన్నాయి. చదివినవాళ్లు ఉపన్యాసంలా ఉందంటున్నారు. ఏం మార్చమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు తేదీలు చూసుకోండమ్మా. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు, రజాకార్ల పని అక్కడితో సరి. 1949లో తలుపు కొట్టేది భారత యూనియన్ సైన్యం, పోలీసులు. మీ నాటకానికి ప్రాణం ఇక్కడే ఉంది. రజాకార్ల నుంచి ఊరిని కాపాడాడని నిన్న మెచ్చుకున్న కుర్రాణ్ణే ఇవాళ హంతకుడని కట్టి తీసుకెళ్తారు. ఆ సైన్యం వచ్చిన రోజున సంబరపడ్డ మనిషి అతని తండ్రే అయితే? ఆయన్ని వదలకండి.

సుప్రీంకోర్టు సీను మాత్రం తీసేయండి. నిజంగా జరిగింది అంతకన్నా గుండె కోసేది. స్పెషల్ ట్రిబ్యునల్ అనే ప్రత్యేక కోర్టు 1949 ఆగస్టులో తెలంగాణ సాయుధ పోరాటంలోని కొందరు కమ్యూనిస్టు కార్యకర్తలకు ఖూనీ నేరం కింద ఉరిశిక్ష వేసింది. డిసెంబరులో హైదరాబాద్ హైకోర్టు ఖాయం చేసింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26న. ఇంగ్లండ్ నుంచి బారిస్టరు డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించినా, రాజ్యాంగానికి ముందే ముగిసిన కేసులో అప్పీలు వినలేమని 1950 డిసెంబరులో సుప్రీంకోర్టు అనేసింది. నెలన్నర తేడా! ఆ ఉరిశిక్షలు తర్వాత యావజ్జీవంగా మారాయి. అప్పటిదాకా ఆ ఇళ్లలో ఎవరికి కంటిమీద కునుకు పట్టి ఉంటుంది? మీరు రాయాల్సింది ఆ రాత్రుల గురించి.

వకీలు ఫీజు కూడగట్టే సీను నిదానంగా నడపండి. ఊళ్లో చెల్లేది హాలీ సిక్కా, అంటే నిజాం రూపాయి. బెజవాడ నుంచి వచ్చే వకీలుకు కావాల్సింది కల్దారు, అంటే ఇండియా రూపాయి. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు. పెద్దకోడలి కడియాలు అమ్మిన డబ్బు చాపమీద పోసి, అత్త ఏడేసి చొప్పున కుప్పలు పెడుతుంది. ప్రతి కుప్పలోంచి ఒక రూపాయి తీసి పక్కన పెడుతుంది, అది మారకానికి పోయేది. కోడలు గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటుంది. జైల్లో ఉన్నది ఆమె మొగుడు కాదు, మరిది. ఇక్కడ ఎవరిచేతా పెద్ద మాటలు పలికించకండి.

పటేల్ భార్యను కూడా ఒక్కసారైనా రంగస్థలం మీదికి తీసుకురండి. ఆ ఇంట్లోంచీ ఒక శవం లేచింది కదా. ఆమె లేకపోతే కుర్రాడి మీద నింద తేలిపోతుంది.

రెండో అంకం తిరగరాశాక పంపండి, తప్పకుండా చదువుతాను.