తుడిచే ముందు ఒక ఫొటో

ప్రశ్న: మా తాతగారి 1948 ఎంజీ టీసీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) నా చేతికొచ్చింది. పాత రంగంతా గీకించి కొత్తగా వేయిద్దామనుకుంటుండగా, కార్ల సంగతి తెలిసిన పెద్దాయన ఒకరు చూసి "ఇంజను నంబరు కంపెనీ బిగించిన ప్లేటు మీది నంబరుతో కలవడం లేదు, ఇది అసలు బండి కాదు" అన్నారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ముందు పెయింటర్‌ను ఆపండి. టెన్షన్ తర్వాత పడుదురు గాని.

ప్లేటును అంతగా నమ్మకండి. రివెట్లు ఊడదీసి ఇంకో బండికి బిగించడం ఎంతసేపు? ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం, దాని ఇనుము మీదే గుద్దిన నంబరు ఉంటుంది, ముందు ఎడమ వైపు స్ప్రింగు దగ్గర వెతకండి. గ్రీజు, రంగు పేరుకుపోయి ఉంటాయి. మెత్తగా నానబెట్టి తీయండి, వైర్ బ్రష్ మాత్రం పెట్టొద్దు. టీసీల లెక్క 0251తో మొదలవుతుంది. ఇంగ్లండ్‌లో అబింగ్డన్ ఊళ్లోని ఎంజీ ఫ్యాక్టరీ టెలిఫోన్ నంబరు 251, అందుకని అక్కడి నుంచే లెక్కపెట్టారు! 1945 నుంచి 1949 దాకా పది వేల దాకా తయారయ్యాయి కాబట్టి, మీ నంబరును బట్టి బండి ఏ కాలానిదో అందాజుగా తెలిసిపోతుంది.

ఇక ఇంజను. 1250 సీసీ ఇంజను మారినంత మాత్రాన బండి నకిలీదైపోదు. లండన్ హైకోర్టులో 1990లో ఒక కేసు నడిచింది. ఫ్రాన్స్‌లో 24 గంటలు సాగే లె మాన్స్ కారు రేసును 1929, 1930లో రెండుసార్లూ గెలిచిన బెంట్లీ కారు 'ఓల్డ్ నంబర్ వన్'ను కోటి పౌండ్లకు కొంటామని ఒప్పుకున్నవాళ్లు, పాత భాగాలు మిగల్లేదు కాబట్టి ఇది ఆ బండి కాదని అడ్డం తిరిగారు. దాని చరిత్ర ఎక్కడా తెగకుండా సాగింది కాబట్టి అది అదేనన్నారు జడ్జి. మీరూ ఆ దారినే పట్టండి. ఇంజను ఎప్పుడు మారింది, ఎందుకు మారింది, పాతది ఏమైంది? రిపేరు బిల్లులు, రిజిస్ట్రేషన్ కాగితాలు, తాతగారి ఉత్తరాలు వెతకండి. దొరకని చోట 'తెలియదు' అని రాయండి. ఊహించి పూడ్చారో, మీ తర్వాతివాళ్లు దాన్నే నిజమనుకుంటారు.

రంగు విషయానికొస్తే, డాష్‌బోర్డు వెనకో, తలుపు బందు కిందో రూపాయి బిళ్లంత మేర నున్నటి వాటర్ పేపర్‌తో నెమ్మదిగా రుద్దండి. చెట్టు మొదట్లో వలయాల్లా పొరలు బయటపడతాయి. అడుగున ఏ రంగుందో ఫొటో తీసి, తేదీ వేసి పెట్టుకోండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ ఒక వెధవ పని చేశాను. ఓ పాత స్పోర్ట్స్ కారు తలుపు లోపలి అట్ట విప్పి, చెక్క మీద మసి ఉందనుకుని థిన్నర్ గుడ్డతో రుద్దేశాను. సగం పోయాక తెలిసింది, అది బాడీ కట్టిన వడ్రంగి పెన్సిల్‌తో వేసుకున్న నంబరని. చివరి రెండంకెలు, 4, 7, మాత్రం మిగిలాయి. టీసీ బాడీలోనూ యాష్ అనే చెట్టు కలపతో చేసిన చట్రమే, మీరు జాగ్రత్త.

ప్రశ్న: మాది 1952 మోడల్. వింటేజ్ కారు అనొచ్చా?

జవాబు: చుట్టాల దగ్గర అనుకోండి, ఎవరు కాదంటారు? ఇంగ్లండ్ క్లబ్ కాగితం మీద మాత్రం వద్దు. 1934లో ఇంగ్లండ్‌లో పుట్టిన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ లెక్కన 1930 చివరి నాటికి తయారైనవే వింటేజ్.

ప్రశ్న: పాత రేసు ఫొటోలో ఉన్నది మా కారేనని తేల్చుకోవడం ఎలా?

జవాబు: నంబరు ప్లేటును చూసి మురిసిపోకండి, రేసుకు ఒకటి, రోడ్డుకు ఒకటి తగిలించిన సందర్భాలున్నాయి. బానెట్ మీద గాలి చీలికలు ఎన్ని, దీపం బ్రాకెట్ ఏ వైపు వంగింది, పెట్రోలు ట్యాంకు మూత ఎక్కడుంది, ఇవి లెక్కపెట్టండి. ఫొటో వెనక వైపు తిప్పి చూశారా? స్టూడియో ముద్రో, తేదీయో ఉంటే సగం పని అయిపోయినట్టే.