అభిశంసిస్తే పదవి పోయినట్టేనా? సొంత నేతను కాదంటే ఫిరాయింపేనా?

సందేహం: "ట్రంప్‌ను అభిశంసించిన ప్రతినిధుల సభ" అని అప్పట్లో చదివాం. కొన్ని వారాలకే "అభిశంసన నుంచి బయటపడ్డ ట్రంప్" అని వచ్చింది. ఇందులో ఏది నిజం? ఆయనకు వ్యతిరేకంగా ఓటేసిన రిపబ్లికన్లను ఒక చానల్ "ఫిరాయించారు" అంది. ఆ మాట వాడొచ్చా? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

సమాధానం: మొదటి శీర్షిక నిజం, రెండోది తప్పు. అభిశంసన జరిగిపోయాక దాని నుంచి బయటపడటం అంటూ ఉండదు.

సంస్కృతంలో 'శంస్' ధాతువుకు చెప్పడం, కొనియాడటం అని అర్థాలు. ముందు 'ప్ర' చేరితే ప్రశంస అయింది. 'అభి' చేరితే అభిశంసన, అంటే నింద మోపడం, తప్పు ఎత్తి చూపడం. తీర్పు, శిక్ష అనే అర్థాలు ఆ మాటలో ఎక్కడా లేవు. (శ తర్వాత వచ్చేది స. 'అభిశంషన' అని చాలామంది రాస్తున్నారు, అది తప్పు.)

అమెరికాలో జరిగేదీ ఇదే. మన దగ్గర పోలీసులు చార్జిషీటు వేస్తారు కదా, అలా అక్కడ ప్రతినిధుల సభ అధ్యక్షుడి మీద అభియోగాలు మోపుతుంది. అదే అభిశంసన, దానికి మామూలు మెజారిటీ చాలు. విచారణ జరిగేది ఎగువ సభ అయిన సెనేట్‌లో. అక్కడ మూడింట రెండు వంతుల మంది దోషి అంటేనే పదవి పోతుంది. ట్రంప్‌ను సభ 2019 డిసెంబరు 18న ఒకసారి, 2021 జనవరి 13న మరోసారి అభిశంసించింది. సెనేట్‌లో రెండుసార్లూ అభియోగాలు నిలవలేదు. రెండోసారి 57 మంది దోషి అన్నారు, 43 మంది కాదన్నారు. కావాల్సింది 67. కాబట్టి "సెనేట్‌లో వీగిపోయిన అభియోగం" అని రాస్తే సరిపోతుంది. "అభిశంసనకు గురైన నిక్సన్" అన్నదీ ఇలాంటి పొరపాటే. సభలో ఓటింగు దాకా రాకముందే, 1974 ఆగస్టులో ఆయన రాజీనామా చేశాడు.

పదవి నిజంగానే పోయినప్పుడు వాడుకోవడానికి మనకు 'ఉద్వాసన' ఉంది. వినాయక చవితి పూజ పూర్తయ్యాక విగ్రహాన్ని కాస్త కదిపి ఉద్వాసన చెబుతాం. అక్కడితో ఆ పీఠం మీద ఆయన కొలువు ముగిసినట్టు. అభిశంసనకు, ఉద్వాసనకు ఉన్న ఈ తేడాను చెరిపేస్తే చదివేవాళ్లకు జరిగింది ఒకటి, అర్థమయ్యేది ఇంకొకటి.

ఇక ఫిరాయింపు. ఉమ్మడి కుటుంబంలో పొలం అమ్మే విషయం వచ్చిందనుకోండి. అందరూ కూర్చున్నప్పుడు చిన్నకొడుకు లేచి "నాన్నా, నాకిది ఇష్టం లేదు" అన్నాడు. ఆ రాత్రి అతను తినేది ఆ ఇంట్లోనే. అతను 'ఎదురు చెప్పాడు' అంటాం గానీ 'వేరుపడ్డాడు' అనం. ఫిరాయించడం అంటే పూర్తిగా అటు తిరిగిపోవడం. హిందీ 'ఫిర్నా', 'ఫిరానా'ల చుట్టం ఈ మాట. రాజకీయాల్లో అయితే ఉన్న పార్టీ వదిలి ఇంకో పార్టీ కండువా కప్పించుకోవడం.

ఈ రెంటికీ ఆ అభిశంసనల్లోనే ఉదాహరణలు దొరుకుతాయి. 2020 ఫిబ్రవరి 5న రిపబ్లికన్ సెనేటర్ మిట్ రామ్నీ ఒక అభియోగంపై ట్రంప్‌ను దోషి అన్నాడు. సొంత పార్టీ అధ్యక్షుడిని తొలగించాలని ఓటేసిన సెనేటర్ అంతకుముందు ఒక్కరూ లేరు. అయినా ఆయన రిపబ్లికన్‌గానే ఉన్నాడు. ఆయన చేసింది ఎదురు చెప్పడం. న్యూజెర్సీకి చెందిన జెఫ్ వాన్ డ్రూ డెమొక్రాట్‌గా గెలిచి, 2019లో అభిశంసనకు వ్యతిరేకంగా ఓటేసి, ఆ మర్నాడే ట్రంప్ పక్కన కూర్చుని రిపబ్లికన్ పార్టీలో చేరుతున్నానన్నాడు. ఫిరాయింపు అంటే అది.

ఈ తేడా కోసం నేనింత పట్టుబట్టడానికి కారణం ఉంది. 2021లో అభిశంసనకు ఓటేసిన 10 మంది రిపబ్లికన్ ప్రతినిధుల్లో 8 మంది తర్వాతి సభలో లేరు. నలుగురు పోటీకే దిగలేదు. లిజ్ చేనీతో కలిపి నలుగురు ప్రైమరీల్లో, అంటే సొంత పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో ఓడిపోయారు. పార్టీ గడప దాటకుండా, సీటు పోయే ప్రమాదం కళ్లముందు పెట్టుకుని ఓటేసిన వాళ్లను గోడ దూకిన వాళ్లతో ఒకే గాటన కట్టడం అన్యాయం.

'విప్‌ను ధిక్కరించారు' అనడం కూడా అక్కడ అంతగా అతకదు. మనకు 1985లో రాజ్యాంగంలో పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) వచ్చాక విప్ అంటే సభ్యత్వాన్నే పోగొట్టగల ఆదేశం. అమెరికాలో విప్ అంటే ఓట్లు లెక్కపెట్టి, బతిమాలి, నచ్చజెప్పే పార్టీ నాయకుడు. అతని మాట వినకపోతే పార్టీలో టెన్షన్ తప్పదు గానీ, చట్టప్రకారం సీటు పోదు.

దక్షిణ కొరియా సంగతి చూడండి. 2024 డిసెంబరు 7న అధ్యక్షుడు యూన్ పార్టీ సభ్యులు దాదాపు అందరూ బయటికి వెళ్లిపోవడంతో కోరం లేక ఆయనపై పెట్టిన అభిశంసన తీర్మానం ఆగింది. అలా వెళ్లిపోవడం వాకౌట్, 'వ్యతిరేకంగా ఓటేశారు' అని రాయకూడదు. వారం తర్వాత 204 ఓట్లతో నెగ్గింది. ప్రతిపక్షాల బలం 192 కాబట్టి, అధికార పార్టీ నుంచి కనీసం 12 మంది కలిసి ఉండాలి. రహస్య ఓటింగు గనుక పేరు పెట్టి ఎవరినీ ఫిరాయింపుదారు అనడానికి అసలు వీల్లేదు. అక్కడ కూడా ఉద్వాసన పలికింది 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానమే.

మీరు అడగకపోయినా, అనువదించేవాళ్లు తడబడే చోటు ఇంకొకటి ఉంది. 2021 ఫిబ్రవరి 13న ట్రంప్‌ను దోషి అన్న ఏడుగురు రిపబ్లికన్ సెనేటర్లలో బిల్ కాసిడీ ఒకరు. అదే రోజు లూసియానా రిపబ్లికన్ పార్టీ ఆయనను తప్పుపడుతూ తీర్మానించింది. ఇంగ్లిషులో ఇవి రెండు వేర్వేరు మాటలు, ఒకటి ఇంపీచ్‌మెంట్, రెండోది సెన్షర్. మన పత్రికలు రెంటినీ అభిశంసనే అంటున్నాయి. అలాగే రాస్తే "అభిశంసనలో ఓటేసినందుకు కాసిడీకి అభిశంసన" అవుతుంది, ఏం జరిగిందో ఎవరికీ అంతుపట్టదు. అధ్యక్షుడి విషయంలో అభిశంసన ఉంచి, కాసిడీ విషయంలో "సొంత పార్టీ తప్పుపట్టింది" అనండి.