పాటల పుస్తకం వేస్తానంటున్న అమ్మాయికి

విజయవాడ
డిసెంబర్ 27

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దాంతో పంపిన ఎనిమిది పాటలూ అందాయి. పాటల గురించి తర్వాత చెప్తాను. చివర్లో, అడగనా వద్దా అని నసుగుతూ ఒకటి అడిగావు కదా, 'ఈ వయసులో మీరే సొంతంగా ప్రచురణ పెట్టారు, నా పుస్తకం నేనే వేసుకుంటే ఎలా ఉంటుంది మాస్టారూ' అని. ముందు దానికి జవాబు. వేసుకో. కాకపోతే ఉద్యోగం మానేసి వేయకు, మీ నాన్న పీఎఫ్ డబ్బుతో వేయకు, డిసెంబర్‌లో మాత్రం అస్సలు వేయకు.

డిసెంబర్ ఎందుకొద్దంటే, ఆ నెలలో ప్రెస్సుల వాళ్ళకి ఊపిరి సలపదు. క్యాలెండర్లు, డైరీలు అప్పుడే. జనవరి మొదట్లో జరిగే బెజవాడ పుస్తక మహోత్సవంలో తన పుస్తకం కనబడాలని ప్రతి రచయితకీ ఉంటుంది, కాబట్టి కవిత్వాలూ కథలూ అన్నీ ఆ నెలలోనే వచ్చి పడతాయి. అక్షరాలు కంపోజ్ చేసే డీటీపీ కుర్రాడు ఫోనెత్తడు. రెండో ప్రూఫు చూస్తానంటే, 'టైం లేదండీ, ప్లేట్లు వేసేశాం' అంటారు. అదే ఫిబ్రవరిలో వెళ్ళు. ఓనరు కుర్చీ వేసి కూర్చోబెట్టి, మాప్‌లిథో కాగితం శాంపిళ్ళు నాలుగు రకాలు చేతికిచ్చి, టీ తెప్పిస్తాడు.

నేను ఈ పని ఎందుకు మొదలుపెట్టానో నీకు సగం తెలుసు. డెబ్బై దాటాక ఎడమచేతి ఉంగరం వేలు ఫిడేలు మీద వేగంగా వాయించేటప్పుడు నా మాట వినడం తగ్గించింది. అది అందరికీ వచ్చేదే. ఇంకోటి, నన్ను కచేరీకి పిలిచేవాళ్ళు మెల్లమెల్లగా సన్మానానికి పిలవడం మొదలుపెట్టారు. బీరువాలో శాలువాలు పెరిగాయి, ఫిడేలు పెట్టె మూత తీయడం తగ్గింది. రేడియోకి పాడించిన రోజుల్లో పిల్లల కోసం కట్టిన బాణీలు మాత్రం నోటుపుస్తకాల నిండా ఉండిపోయాయి. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది. మా తరం వాళ్ళకి లలిత సంగీతం అబ్బిందంటే సగం ఆ కేంద్రం చలవే. 'ఈ మాసపు పాట' అని ఒకే పాటను వారం వారం నేర్పేవాళ్ళు, జనం రేడియో ముందు కాగితమూ పెన్సిలూ పట్టుకుని రాసుకునేవాళ్ళు. అలాంటి పాటల్లో చాలావాటికి ఇప్పుడు వెతికితే సాహిత్యం దొరుకుతుంది, బాణీని రాసిపెట్టిన స్వరం దొరకదు. నావి కొన్నైనా స్వరంతో సహా అచ్చులో ఉండాలన్నది ఆశ. ఒకరిద్దరు ప్రచురణకర్తల్ని అడిగాను. 'స్వరాలున్న పుస్తకం ఎవరు కొంటారండీ' అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు.

అందుకని మా ముందుగదిలోనే ఒక బల్లా, ఒక అల్మరా పెట్టుకుని మొదలుపెట్టాం. సిబ్బంది అంటే నేనూ, మీ మామ్మగారూ. కవర్ల మీద చిరునామాలు రాసేది ఆవిడ. నా చేతిరాత పోస్ట్‌మ్యాన్‌కి అర్థం కాదని ఆ పని నాకివ్వరు.

మొదటి పుస్తకం 48 పేజీలు, అంటే మూడు ఫారాలు. మధ్యలో పిన్నులు కొట్టే సెంటర్ పిన్నింగ్, కవరు మల్టీకలర్. ప్రతి పాట కిందా ఫోన్‌తో స్కాన్ చేస్తే వినిపించేలా ఒక క్యూఆర్ కోడ్. అంతా సిద్ధమనుకున్నాక చుక్కల దగ్గర ఆగిపోయాం. నీకు తెలుసు కదా, హెచ్చుగా పలికే తారస్థాయి స్వరానికి పైన చుక్క, తగ్గుగా పలికే మంద్రానికి కింద చుక్క. ఇక్కడ డీటీపీ ఎక్కువగా 'అను' అనే తెలుగు ఫాంట్లలో చేస్తారు. స్వరాక్షరం నెత్తిన చుక్క పెట్టే మీట అందులో మా వాడికి దొరకలేదు. ఒక్కో చుక్కనీ విడిగా చేసి, పక్కనుంచి లాక్కొచ్చి, అక్షరం మీద కూర్చోబెట్టాడు పాపం. ప్రూఫులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పేజీ నిండటం లేదని ఆ తర్వాత ఎవరో అక్షరం సైజు ఒక పాయింటు పెంచారు. అక్షరాలు జరిగాయి, చుక్కలు ఉన్నచోటే ఉండిపోయాయి. తారషడ్జం, అంటే పై 'స' మీద ఉండాల్సిన చుక్క పక్కనున్న 'ని' మీదికి పోయింది. ఒక పాటలో చుక్కలన్నీ పై లైనుకి ఎక్కి కూర్చున్నాయి. చూసేవాళ్ళకి అదేదో డిజైన్ అనిపిస్తుంది. పాడేవాళ్ళకి మాత్రం అది వేరే పాట. చివరి ప్రూఫు నేను ఫిడేలు పట్టుకుని వాయిస్తూ చూశాను గనుక దొరికింది, ఉత్త కళ్ళతో చూస్తే దొరికేది కాదు. నువ్వు కూడా నీ పాటల ప్రూఫు చదవకు, గొంతెత్తి పాడు. ఒత్తు ఎగిరిపోయినా దీర్ఘం తప్పినా నోరే ముందు పట్టుకుంటుంది.

ఆ చుక్కలతో తంటాలు పడుతున్నప్పుడు నాకు సుబ్బరామ దీక్షితులవారే గుర్తొచ్చేవారు. కీర్తనల్ని స్వరాలతో కూర్చిన ఆయన పుస్తకం సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురంలో అచ్చయింది. తమిళదేశంలో, తెలుగు లిపిలో. అప్పటికి ఆయన వయసు 65 దగ్గర. ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు 229 అందులో స్వరంతో సహా ఉన్నాయి, ఒక్కో గమకానికి, అంటే స్వరాన్ని ఊపే తీరుకి, ఒక్కో గుర్తుతో. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ చేత్తో పేర్చే కాలం. ఆ ప్రెస్సులో ఆ గుర్తులు పేర్చినవాళ్ళ పేర్లు తెలిస్తే రోజూ ఒక దణ్ణం పెట్టుకునేవాణ్ణి. సుబ్బరామ దీక్షితులవారి వెనక ఎట్టయపురం సంస్థానం ఉంది. మన వెనక ఎవరూ లేరు గనుక డబ్బు మాట చెప్పుకోవాలి.

500 కాపీలు వేశాను. వెల 80 రూపాయలు. షాపువాళ్ళు నలభై శాతం పట్టుకుంటారు, అంటే నీ చేతికి వచ్చేది 48. అదీ అమ్ముడయ్యాకే, నువ్వు రెండుసార్లు ఫోన్ చేశాకే. వాళ్ళని తిట్టుకోకు, ఏలూరు రోడ్డులో షాపు అద్దె ఎంతో కనుక్కుంటే నీకే జాలేస్తుంది. నేరుగా పోస్టులో పంపితే మిగిలేది ఎక్కువ. 2024 చివర్లో రిజిస్టర్డ్ బుక్‌పోస్టు తీసేసినప్పుడు చిన్న ప్రచురణలవాళ్ళందరం బెంబేలెత్తాం. 80 రూపాయల పుస్తకానికి పోస్టేజీయే సగం పెడితే ఎవరు కొంటారు? 2025 మే నుంచి పుస్తకాల కోసం తపాలాశాఖ వాళ్ళ జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, పైన పన్ను. మెల్లగా వెళ్తుంది గానీ ఎక్కడిదాకా వెళ్ళిందో ఫోన్‌లో చూసుకోవచ్చు. మన మూడు ఫారాల పుస్తకం వంద గ్రాములు కూడా తూగదు. పేజీలు ఎన్ని పెట్టాలో తేల్చుకునేటప్పుడు ఈ తూకం కూడా లెక్కలో వేసుకో.

పుస్తకానికి గుర్తింపు సంఖ్య ఉంటుంది చూడు, ఐఎస్‌బీఎన్ అని, దానికి ఎవరికీ డబ్బివ్వకు. ఢిల్లీలో రాజా రామ్మోహన్ రాయ్ పేరుతో ఉన్న ప్రభుత్వ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. పుస్తకం వచ్చాక 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా లైబ్రరీకీ, ముంబయి, ఢిల్లీల్లో ఉన్న మరో రెండు లైబ్రరీలకీ కాపీలు పంపాలి, ఆ చట్టం 1954 నుంచీ ఉంది. మనవాళ్ళు చాలామంది పంపరు. నువ్వు పంపు.

ఏడాది చివర్లో లెక్క చూస్తే మూడొందల పైచిలుకు కాపీలు కదిలాయి. ప్రెస్సు ఖర్చు దాదాపు వచ్చేసింది, మా ఇద్దరి కష్టానికి మాత్రం ఏమీ రాలేదు. కొన్నది ఎవరనుకున్నావు? రచయితలు కాదు, సంగీత విమర్శకులు అసలే కాదు. ఇంట్లో పదిమంది పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి సరళీ స్వరాలు చెప్పే టీచర్లు. తెనాలి నుంచి ఒకావిడ ఒక్కసారే ఇరవై కాపీలు తెప్పించుకున్నారు, స్కూలు వార్షికోత్సవానికట. అమెరికాలో వారాంతపు తెలుగు బడి చెప్పే ఇంకొకావిడ, పిల్లలకి తెలుగు అక్షరాలు ఇంకా కూడబలుక్కునే దశేనని, ఇంగ్లీషు అక్షరాల్లో కూడా కావాలన్నారు. పీడీఎఫ్ చేసి పంపాను. అచ్చులో మాత్రం వేయలేదు, వేయను. ఆ మొండితనం నాది, నువ్వు అనుసరించక్కర్లేదు.

ఆవిష్కరణ సభ పెట్టమని నీ స్నేహితులు అంటున్నారని రాశావు. హాలు అద్దె, మైకు, ఫ్లెక్సీ, వేదిక మీద ఏడుగురికి ఏడు శాలువాలు, వచ్చినవాళ్ళకి తలా ఒక ఉచిత కాపీ. మూడో వక్త దాకా పుస్తకం మాటే రాదు. ఆ డబ్బుతో ఇంకో ఫారం వేసుకోవచ్చు. అంతగా ముచ్చటగా ఉంటే మీ అమ్మ చదివిన బడికి వెళ్ళి, పిల్లల చేత రెండు పాటలు పాడించి, లైబ్రరీకి పది కాపీలిచ్చి రా.

ఇక హక్కుల సంగతి, దీన్ని మాత్రం జాగ్రత్తగా చదువు. క్యాసెట్ల రోజుల్లో ఒక కంపెనీ నా పాటలు కొన్ని తీసుకుంది. రికార్డింగ్ రోజునే కవరు చేతిలో పెట్టి, ఒక కాగితం మీద సంతకం తీసుకున్నారు. అందరిదీ అంతే, అడిగినవాళ్ళు లేరు. ఈ వేసవిలో ఆ బాణీల్లో ఒకదాన్ని ఇంట్లో కూర్చుని ఫిడేలు మీద వాయించి యూట్యూబ్‌లో పెట్టాను. సాయంత్రానికి కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. నేను కట్టిన పాట నేను వాయిస్తే, అది వేరేవాళ్ళదట! ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది, దాని జాబితా చేతులు మారి ఎవరి దగ్గరో ఉంది. మనవడి చేత డిస్ప్యూట్ పెట్టించాను. 30 రోజులైనా అవతలి నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు, క్లెయిమ్ దానంతటదే పోయింది. అంటే పట్టుకుందీ యంత్రమే, వదిలిందీ యంత్రమే. ఆ నెల రోజులూ నాకు బీపీ పెరిగింది, అంతే.

నీ తరానికి నయం. 2012లో కాపీరైట్ చట్టం సవరించారు. సినిమాకి సంబంధం లేని పాటని రికార్డు చేసుకోమని హక్కు రాసిచ్చినా, ఆ పాట మీద వచ్చే రాయల్టీలో రాసినవాళ్ళ వాటా ఎక్కడికీ పోదు. అంతకుముందు నుంచే ఉన్న నియమం ఇంకోటి, ఒప్పందంలో ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్ళకే ఇచ్చినట్టు లెక్క. ఏ దేశంలోనో రాయకపోతే ఇండియా వరకే. ఈ సంగతి కంపెనీలవాళ్ళకి బాగా తెలుసు. అందుకే 'శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాల్లో' అని మూడు ముక్కలు కలిపి పెడతారు. ఆ మూడింటినీ పెన్నుతో చుట్టి, కొట్టేయమని అడుగు. ఒప్పుకోకపోతే కనీసం కాలం తగ్గించమను. నీ మొదటి పుస్తకం నువ్వే వేసుకోమని నేనంటున్నది డబ్బు కోసం అనుకోకు, అందులో డబ్బు లేదని లెక్క చూపించాను కదా. పాట ఎవరి చేతికి, ఎంతకాలం, ఎందుకోసం ఇస్తున్నావో నీకు తెలిసి ఇవ్వాలి. ఒకసారి ప్రూఫులూ తూకాలూ కాగితాలూ నీ చేతుల మీదుగా జరిగితే, ఆ తర్వాత ఎవరు ఏ కాగితం ముందు పెట్టినా గుడ్డిగా సంతకం పెట్టవు. పాటలు రాసేవాళ్ళూ బాణీలు కట్టేవాళ్ళూ చేరడానికి, వాళ్ళ రాయల్టీలు వసూలు చేసి పంచే సంఘం ఐపీఆర్‌ఎస్ 1969 నుంచీ ఉంది. నీ పాటలు నాలుగు రికార్డయ్యాక అందులో సభ్యత్వం తీసుకో.

ఇప్పుడు నీ పాటలు. ఎనిమిది పాటల్లో ఐదింట్లో చందమామ వచ్చాడు. నాలుగింట్లో వెన్నెల కురిసింది. మీ అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయినప్పుడు తప్ప నువ్వు వెన్నెల చూసి ఎన్నాళ్ళయింది? మూడో పాటలో స్కూలు ఆటో గురించి రాశావు చూడు, లోపల పిల్లలు, బయట హుక్కులకి వేలాడే బ్యాగులు, గుంతలో పడ్డప్పుడల్లా ఒకదాన్నొకటి గుద్దుకునే వాటర్ బాటిళ్ళు. అది ఇంకెవరూ రాయలేరు. ఆ పాట చదివి మీ మామ్మగారు రెండోసారి అడిగి చదివించుకున్నారు. చందమామ పాటలు మూడు తీసి పక్కనపెట్టు, పారేయక్కర్లేదు.

ఆ ఆటో పాటకి నేను బాణీ కడుతున్నాను. రెండు చోట్ల గొంతు అడ్డం పడుతోంది. పల్లవి చివర 'గుమ్మం ముందుకి' అని ఆపావు. అక్కడ బాణీ తారషడ్జం మీద నిలబడుతుంది. అంత పైన 'కి' అని సాగదీస్తే పిల్లల గొంతు కీచుమంటుంది. నోరు తెరుచుకునే 'ఆ'కారమో 'ఓ'కారమో పడేలా మార్చు. చరణంలో 'శబ్దస్పర్శ' అని రాశావు. అంత ముడి నోట్లో విప్పుకునేలోగా తాళం వెళ్ళిపోతుంది. ఆరేళ్ళ పిల్లకి ఒక గుక్కలో ఎంత పడుతుందో అంతే రాయి. మీ అక్క కూతురి చేత పాడించి చూడు, ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో గమనించు. అది తీసుకున్నచోట మాట విరిగిపోతుంటే తప్పు నీది, పిల్లది కాదు.

జనవరి మొదటి వారమంతా నేను మహోత్సవంలోనే ఉంటాను. సొంత స్టాల్ లేదు, తెలిసినవాళ్ళ స్టాల్‌లో ఒక మూల ఇచ్చారు. నువ్వు ఆదివారం వస్తే ఒక గంట నా బదులు కూర్చో. ఎవరు పుస్తకం తీసి ఏ పేజీ తిప్పుతారో, వెల చూసి ఎలా పెడతారో చూడొచ్చు. వచ్చేటప్పుడు ఆటో పాట తిరగరాసి తీసుకురా. శ్రుతిపెట్టె నేను తెస్తాను.

మీ నాన్నని అడిగానని చెప్పు. పీఎఫ్ సంగతి ఆయనతో నేను మాట్లాడనులే.

ఆశీస్సులతో
మీ మాస్టారు