నోటి మాట మీద వ్యాపారం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్. రెండేళ్లుగా ఒక కంపెనీకి ఫోన్‌లో ఆర్డర్ తీసుకుని సరుకు పంపుతున్నాం. ఇప్పుడు వాళ్లు రేటు అది కాదని, ఆరు నెలలు అప్పిస్తామన్నారని చెప్పి బాకీ ఆపేశారు. అగ్రిమెంటు లేకపోతే కోర్టుకెళ్లినా దండగేనంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. దయచేసి ఆ మాట నమ్మి బాకీ వదులుకోకండి. భారత కాంట్రాక్టు చట్టం, 1872 ప్రకారం నోటి ఒప్పందం కూడా చెల్లుతుంది. చిక్కంతా రుజువు దగ్గరే. సరుకు అందిందనడానికి చలాన్ మీది సంతకం చాలు. రేటెంత, గడువెంత, తడిసిన పెట్టెల నష్టం ఎవరిది అన్న దగ్గరే మీ మాటకు వాళ్ల మాట అడ్డం వస్తుంది.

అందుకే ముందుగా పాత ఇన్వాయిస్‌లు, అవే రేట్లకు వాళ్లు గతంలో చెల్లించినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్లు తేదీల వారీగా పేర్చండి. అభ్యంతరం చెప్పకుండా అదే రేటు కడుతూ వచ్చారంటే మీ వైపు బలమైన సాక్ష్యం ఉన్నట్టే. వాట్సాప్ సందేశాలు చెరపకండి, ఫోన్ మార్చినా పాతది దాచండి. వాటిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ కింద, ఆ రికార్డును ధ్రువీకరించే సర్టిఫికెట్ ఇవ్వాలి. వట్టి స్క్రీన్‌షాట్ ప్రింట్లు సరిపోవు.

ఆ సరుకు పంపేనాటికే మీకు ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉంటే ఎంఎస్ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం), 2006 మీకు పెద్ద అండ. గడువు గురించి రాతపూర్వక ఒప్పందం లేనప్పుడు, సరుకు అంగీకరించిన రోజు నుంచి 15 రోజుల్లో డబ్బు కట్టాలి. అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే లెక్క. ఒప్పందం రాసుకున్నా 45 రోజులకు మించి గడువు పెట్టడానికి వీల్లేదు. అంటే ఆరు నెలల వాదన ఇక్కడ నిలవదు. ఆలస్యానికి రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. దరఖాస్తు, ఈ చట్టం కింద బాకీ వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు చేసుకోవాలి.

దావా వేయడానికి కాలపరిమితి మూడేళ్లు. అప్పు గడువు ఖరారు కాని సరుకుకు ఇది డెలివరీ తేదీ నుంచే మొదలవుతుంది, అదీ ఏ లోడుకు ఆ లోడుకు విడిగా. చాలామంది నష్టపోయేది ఇక్కడే: చివరి లోడు తేదీ చూసుకుని ధీమాగా ఉంటారు, ఈలోగా మొదటి లోడ్ల బాకీకి కాలం చెల్లిపోతుంది. ఆ మూడేళ్లు నిండకముందే బాకీ ఒప్పుకుంటూ కంపెనీ సంతకంతో బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటర్ తీసుకుంటే, ఆ సంతకం తేదీ నుంచి కొత్తగా మూడేళ్లు వస్తాయి. ఫోన్‌లో "ఇస్తాంలే" అంటే రావు.

ప్రశ్న: స్నేహితుడితో కలిసి వ్యాపారం పెట్టాను. పెట్టుబడిలో 70 శాతం నాది, రోజంతా పనీ నాదే. రాసుకున్నదేమీ లేదు. లాభం ఎలా పంచుకోవాలి?

జవాబు: వేరే ఒప్పందం ఉందని రుజువు కాకపోతే భాగస్వామ్య చట్టం, 1932 ప్రకారం లాభం చెరిసగం, నష్టమూ చెరిసగం. పెట్టుబడి ఎక్కువ పెట్టారని వాటా పెరగదు, పని చేసినందుకు జీతమూ రాదు. సంబంధాలు బాగున్న ఇప్పుడే డీడ్ (భాగస్వామ్య ఒప్పంద పత్రం) రాసుకోండి: వాటాలు, జీతం, బ్యాంకులో ఎవరి సంతకం, ఒకరు తప్పుకుంటే లెక్క తేల్చే పద్ధతి. సంస్థను రిజిస్టర్ కూడా చేయించండి. లేకపోతే ఒప్పందాల మీద రావలసిన బాకీల కోసం సంస్థ పేరున బయటివాళ్ల మీద దావా వేయలేరు.

ప్రశ్న: ఫ్రీలాన్సర్‌తో లోగో గీయించి డబ్బు మొత్తం ఇచ్చేశాం. అది మాదేనా?

జవాబు: డబ్బు ఇచ్చినంత మాత్రాన కాపీరైట్ మీకు బదిలీ కాదు. అది రాతలో, హక్కుదారు సంతకంతో జరగాలి. ఇప్పుడైనా ఒక పేజీ రాయించుకోండి. అందులో ఏ లోగో, ఏయే హక్కులు, ఎంత సొమ్ము అన్నవాటితో పాటు కాలం, ప్రాంతం తప్పకుండా ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే ఆ బదిలీ పరిమితమవుతుంది.