వచ్చి పోయే ఎయిర్‌బ్యాగ్ లైటు

చి.ల.సౌ. లక్ష్మికి పెదనాన్న ఆశీస్సులు.

కారు మీటరులో ఎయిర్‌బ్యాగ్ లైటు ఒకరోజు వెలిగి, మర్నాడు కనిపించడం లేదని, "పోయింది కదా, వదిలేద్దామా" అని అడిగావు. వదలకు తల్లీ. లైటు ఆరినంత మాత్రాన లోపం పోయినట్టు కాదు. అది వెలిగి ఉన్నప్పుడు బండి దేనికైనా గుద్దుకుంటే బ్యాగులు తెరుచుకోకపోవచ్చు. గుద్దుకోగానే సీటుబెల్టును బిగించే ప్రీటెన్షనరు కూడా బ్యాగులను నడిపే కంప్యూటరు చేతిలోదే కాబట్టి అదీ పనిచేయకపోవచ్చు. బెల్టు మాత్రం మామూలుగా పట్టుకుంటుంది. అందుకే ఇది తేలేదాకా బెల్టు పెట్టుకోకుండా ఎవరూ కదలొద్దు, హైవే ప్రయాణాలు ఉంటే వాయిదా వెయ్యి, బాబును వెనక సీట్లోనే కూర్చోబెట్టు.

ముందు ఒకటి చూడు. కీ ఆన్ చేయగానే ఆ లైటు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. కీ వేసినా అసలు వెలగకపోతే అది ఇంకా చెడ్డ సంగతి. సెకండ్ హ్యాండ్ బళ్లలో లోపం కనపడకుండా బల్బు తీసేసి అమ్మేవాళ్లు ఉంటారు.

వచ్చి పోయే లోపం మెకానిక్ ముందు వెలగదు, అదే దీనితో చిక్కు. కాబట్టి రోజూ నడిపే నువ్వే కనిపెట్టాలి. వెలిగినప్పుడల్లా అంతకు ముందు ఏం జరిగిందో ఫోన్లో రాసుకో: సీటు జరిపావా, స్టీరింగ్ పూర్తిగా తిప్పావా, నీళ్లలోంచి వచ్చావా, పొద్దున సెల్ఫ్ నీరసంగా తిరిగిందా.

పాత బళ్లలో నేను మొదట చూసేది ముందు సీటు కింద. అక్కడ పసుపు రంగు కప్లర్లు, అంటే వైర్లను కలిపే ప్లగ్గులు, ఉంటాయి. ఎయిర్‌బ్యాగ్ వైరింగ్ అని ఎవరికైనా తెలియాలనే ఆ రంగు. సీటు జరిపినప్పుడల్లా వైరు లాగుతుంది, కారు కడిగేవాళ్ల వాక్యూమ్ పైపు తగులుతుంది, నీళ్ల బాటిలు దొర్లుతుంది. పిన్ను దగ్గర పట్టు కాస్త వదిలి రెసిస్టెన్సు కొద్దిగా మారినా కంప్యూటరు లైటు వేసేస్తుంది. కార్పెట్ కింద తడి ఉంటే పిన్నులకు చిలుము పడుతుంది. ఎలుకలు వైర్లు కొరికిన బళ్లూ చూశాను.

స్టీరింగ్ తిప్పినప్పుడే వెలుగుతూ, హారన్ కూడా ఒక్కోసారి మోగకపోతే నా అనుమానం క్లాక్ స్ప్రింగ్ మీదకు పోతుంది. స్టీరింగ్ వెనక చుట్టలా చుట్టి ఉండే పల్చటి రిబ్బన్ కేబుల్ అది. స్టీరింగ్ ఎటు తిరిగినా బ్యాగుకు కనెక్షన్ తెగకుండా చూస్తుంది. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి చిట్లుతుంది. కొత్తది వేసేటప్పుడు చక్రాలు తిన్నగా ఉంచి, కేబుల్‌ను సరిగ్గా మధ్యకు తెచ్చి బిగించాలి. అలా చేయకపోతే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు కొత్తది కూడా తెగిపోతుంది. బిగించేవాడికి ఈ సంగతి తెలుసో లేదో ముందే అడుగు.

లోపం ఏమిటో బండి కంప్యూటరు కోడుల్లో రాసి పెట్టుకుంటుంది, వాటిని స్కానరుతో చదువుతారు. ఇంజిన్ కోడ్లు మాత్రమే చదివే చవక స్కానరు దీనికి చాలదు. ఎస్‌ఆర్‌ఎస్, అంటే ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థ, కోడ్లు చదివే స్కానరు ఉందా అని అడిగి వెళ్లు. లైటు ఆరిపోయినా పాత లోపం కోడు సాధారణంగా కంప్యూటరులో దాగి ఉంటుంది. ముందు ఆ కోడును ఫొటో తీసుకో, ఆ తర్వాతే చెరపనివ్వు. చెరిపేసి "అయిపోయిందమ్మా" అంటే ఒప్పుకోకు. కోడులో డ్రైవరు బ్యాగ్ అని చూపించిందని బ్యాగే మార్చమనకు. బ్యాగు, కేబులు, కప్లరు ఒకే లైన్లో ఉంటాయి, వాటిలో ఏదైనా కావచ్చు. ఖరీదైన బ్యాగు మార్చేసి, లైటు మళ్లీ వెలిగితే లబోదిబోమనేవాళ్లే ఎక్కువ.

అల్లుడుగారికి చెయ్యి ఊరుకోదని తెలుసు. ఆ పసుపు వైర్ల జోలికి వెళ్లొద్దని గట్టిగా చెప్పు. బ్యాగులో పేలుడు మందు ఉంటుంది, మల్టీమీటరు పెట్టి కొలిచినా ఆ కొద్దిపాటి కరెంటుకే పేలవచ్చు. తెలిసినవాళ్లు కూడా బ్యాటరీ మైనస్ తీసి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగాకే చెయ్యి పెడతారు, ఎందుకంటే కంప్యూటరులో కాసేపు ఛార్జి నిలిచి ఉంటుంది. లోపం అలాగే ఉంచి, కంప్యూటరును మోసం చేసి లైటు ఆర్పడానికి రెసిస్టరు పెడతానని ఎవడైనా అంటే బండి వెనక్కి తెచ్చేసుకో.

ఇంకో సంగతి. తకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్లు (మందు మండించి బ్యాగును గ్యాసుతో ఉబ్బించే భాగాలు) ఉన్న కార్లను ప్రపంచమంతటా కోట్లలో వెనక్కి పిలిచారు. వేడికి, తేమకు ఏళ్లు గడిచేకొద్దీ వాటిలోని మందు పాడై, బ్యాగు తెరుచుకునేటప్పుడు ఇనుప ముక్కలు ఎగిరి ప్రాణాలు పోయాయి. ఆ కంపెనీ 2017లో దివాలా తీసింది. ఈ లోపాన్ని మీటరులో ఏ లైటూ చెప్పదు. కాకినాడ ఉక్కలో ఉన్న పాత బండి కాబట్టి, నీ ఆర్‌సీ మీద ఉన్న ఛాసిస్ నంబరుతో కారు కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ ఉందేమో ఈ రాత్రే చూడు. ఉంటే ఇన్‌ఫ్లేటరు ఉచితంగా మారుస్తారు.

కోడు చదివించిన ఫొటో, వాళ్లు ఇచ్చిన ఎస్టిమేటు నాకు వాట్సాప్ చెయ్యి. చూసి చెప్పేదాకా అడ్వాన్సు ఇవ్వకు.

ఇట్లు,
పెదనాన్న